వెనక్కి తగ్గమనే మాట



1944 జూన్ మొదటి వారంలో, బర్మాలో చింద్విన్ నదికి చేరువలో ఉన్న ఇండైంగ్యీ అనే చోట ఇద్దరు జపాన్ సేనానులు ఎదురెదురుగా కూర్చున్నారు. ఒకరు రెన్యా ముతగూచి. ఇంఫాల్ మీదికి దండెత్తిన 15వ సైన్యానికి అధిపతి. రెండోవారు మసకజు కవాబే. బర్మాలోని జపాన్ సేనలన్నిటికీ పైఅధికారి, ఒంట్లో బాగాలేకపోయినా రంగూన్ నుంచి వచ్చారు. మార్చిలో మొదలైన దండయాత్ర మూడు నెలలైనా తెమలలేదు. మూడు వారాలకు సరిపడా తిండి మూటగట్టుకుని బయల్దేరిన సైనికులు గడ్డీ గాదం తింటున్నారు. వానలు మొదలయ్యాయి. ఇంఫాల్ ఇక దక్కదని ఇద్దరికీ తెలుసు. వెనక్కి తగ్గుదామా అని ఒకరు అడగాలి, ఇంకొకరు సరేననాలి.

ముతగూచి అడగలేదు. మాట గొంతుదాకా వచ్చి ఆగిపోయిందనీ, తన ముఖం చూసి పైఅధికారే గ్రహిస్తారని ఆశపడ్డాననీ యుద్ధం అయ్యాక చెప్పుకున్నారు. ఎదుటివాడు ఏదో చెప్పాలనుకుంటున్నాడని కవాబేకి అనిపించింది, అయినా ఆయనా కదిలించలేదు. ఇద్దరూ మర్యాదగా విడిపోయారు. దండయాత్ర ఆపమన్న ఉత్తర్వు జూలైలో గానీ వెలువడలేదు. ఆ నెల రోజుల్లో ఎందరు సైనికులు అన్నం లేక, మందు లేక కొండదారుల్లో కూలబడ్డారో తలచుకుంటే, ఆ ఇద్దరి మౌనం యుద్ధంలో పేలిన ఏ ఫిరంగికీ తీసిపోదనిపిస్తుంది.

సైన్యం వెనక్కి తగ్గేటప్పుడూ, వెనక్కి తగ్గే సైన్యాన్ని తరిమేటప్పుడూ సేనానులు తీసుకునే నిర్ణయాల గురించి ఈ పూట మాట్లాడాలనుకుంటున్నాను. ఇందుకు బర్మా యుద్ధాన్ని ఎంచుకోవడానికి కారణముంది. అక్కడ 1942లో ఒక పక్షం పరుగెత్తితే రెండో పక్షం తరిమింది. 1944 నుంచి అదే నేల మీద పాత్రలు తారుమారయ్యాయి. తరిగి, మళ్లీ నిండి, 17వ ఇండియన్ డివిజన్ అనే ఒక్క దళమే ఈ కథ మొదటి నుంచి చివరిదాకా కనిపిస్తుంది. దానికి ఎదురుగా మాటిమాటికీ నిలిచింది జపాన్ 33వ డివిజన్. నిర్ణయాలను పోల్చి చూసేందుకు చరిత్ర ఇంత చక్కగా అమర్చిపెట్టిన సందర్భాలు తక్కువ.

1942 జనవరిలో జపాన్ సేనలు థాయ్‌లాండ్ సరిహద్దు దాటి దిగువ బర్మాలోకి దిగాయి. అడ్డుకోవలసింది 17వ డివిజనే. ఎడారి యుద్ధం కోసం తర్ఫీదిచ్చిన సైన్యాన్ని అడవిలోకి తోశారు. దానికి చెందిన రెండు బ్రిగేడ్లను అప్పటికే మలయాకు పంపేశారు. అధిపతి మేజర్ జనరల్ జాన్ స్మైత్, మొదటి ప్రపంచయుద్ధంలో విక్టోరియా క్రాస్ పొందిన మనిషి. నెలాఖరుకల్లా మౌల్మీన్ చేజారింది.

స్మైత్ అడిగింది ఒక్కటే. ఈ అడవుల్లో ముక్కలు ముక్కలుగా పోరాడటం మాని, సిట్టాంగ్ నది దాటి అవతలి మైదానంలో నిలుస్తాం, అక్కడైతే మనకు అనువు అని. ఫిబ్రవరి నడుమ, తన దగ్గర పనిచేసే కోవన్ అనే అధికారిని రంగూన్‌కి పంపి మరీ అడిగించారు. బర్మా సేనాధిపతి హట్టన్ ఒప్పుకోలేదు. హట్టన్‌కు పైఅధికారి, జావాలో కూర్చున్న వేవెల్ అసలే ఒప్పుకోరు. వారి వాదనలో పస లేదని అనను. ఓడల్లో ట్యాంకుల బ్రిగేడ్ ఒకటి రంగూన్‌కి వస్తోంది. ముందు ఒక్క రోజు నిలిచినా, అది వెనక రేవులో ఒక రోజు సంపాదించినట్టే. కాబట్టి బిలిన్ అనే చిన్న నది దగ్గర నిలబడమన్నారు. వేసవిలో దూకి దాటగల వాగు అది. నాలుగైదు రోజులు అక్కడ పోరాడి సైన్యం అలిసిపోయింది. ఫిబ్రవరి 19న హట్టన్ స్వయంగా వచ్చి చూసి వెనక్కి రమ్మన్నారు. ఆ కదలికల సమాచారం సంకేత భాషలోకి మార్చకుండానే రేడియోలో వెళ్లింది. జపాన్ వాళ్లు విన్నారు.

ఇక మొదలైంది పరుగు. ముప్పై మైళ్ల మట్టిదారి, ఎండ, దుమ్ము, తాగడానికి నీళ్లు లేవు. ఆకాశంలోంచి విమానాలు కాల్చాయి, వాటిలో పొరబడిన సొంత పక్షం విమానాలూ ఉన్నాయి. దారి చివర ఒకే ఒక్క వంతెన. రైలు వంతెన మీద పలకలు పరిచి లారీలకు దారి చేశారు. ఆ రాత్రి ఒక లారీ పలకల మీంచి జారి ఇరుక్కుపోయింది, వెనకున్నవన్నీ గంటల తరబడి నిలిచిపోయాయి. 22వ తేదీ ఉదయం జపాన్ దళాలు అడవిదారిన చుట్టి వచ్చి వంతెన తూర్పు కొస మీద పడ్డాయి. డివిజన్‌లో సింహభాగం, అంటే రెండు బ్రిగేడ్లు, ఇంకా అవతలి ఒడ్డునే ఉన్నాయి.

ఆ రాత్రి వంతెన కాపలా బ్రిగేడియర్ హ్యూ-జోన్స్‌ది. తెల్లారితే వంతెనను నిలబెట్టుకోగలనని హామీ ఇవ్వలేనని స్మైత్‌కి కబురు పెట్టారు. స్మైత్ సరేనన్నారు. ఫిబ్రవరి 23 తెల్లవారుజామున అయిదున్నర ప్రాంతంలో వంతెన పేలిపోయింది. ఏరు దాటి తెప్ప తగలేసేవాణ్ణి మన సామెత తిడుతుంది. ఇక్కడ తెప్ప తగలబడేనాటికి తోటివాళ్లు ఏటి అవతలే ఉన్నారు. ఆ పేలుడు విని రెండు పక్కలా తుపాకులు కాసేపు ఆగాయట. ఆ తర్వాత అవతల చిక్కినవాళ్లు వెదుళ్లూ పెట్రోలు డబ్బాలూ కట్టుకుని, బట్టలూ బూట్లూ విప్పేసి ఈదారు. ఈత రానివాళ్ల సంగతి ఊహించుకోవచ్చు. మర్నాడు లెక్కపెడితే డివిజన్‌లో మిగిలింది 3,500 మందికి కాస్త అటూ ఇటూ. వాళ్లందరికీ కలిపి 1,420 రైఫిళ్లు.

ఎనభై ఏళ్లుగా ఆ అయిదున్నర గంటల నిర్ణయం మీద తగువు నడుస్తూనే ఉంది. నా మటుకు నాకు ఆ గంటలో స్మైత్ చేసిన దాంట్లో తప్పు కనిపించదు. వంతెన చెక్కుచెదరకుండా జపాన్ చేతికి చిక్కితే రంగూన్‌కి దారి తెరిచినట్టే, రేవులో అప్పుడే దిగిన ట్యాంకులకు కూడదీసుకునే వ్యవధి కూడా ఉండేది కాదు. తప్పు జరిగింది అంతకు వారం ముందు, బిలిన్ దగ్గర. ఒక సైన్యాన్ని ఒక నది వెనక్కి తేవాలంటే, దానికి ఊపిరాడుతుండగానే తేవాలి. నాలుగు రోజులు సంపాదించబోయి సగం డివిజన్‌ను పోగొట్టుకున్నారు. శిక్ష పడింది మాత్రం స్మైత్‌కే. పదవి తీసేశారు, జబ్బుతో ఉన్న ఆ మనిషికి మళ్లీ ఏ సైన్యాన్నీ అప్పగించలేదు. డివిజన్‌ను కోవన్ చేతిలో పెట్టారు.

మార్చి 5న హట్టన్ స్థానంలో కొత్త అధిపతి అలెగ్జాండర్ రంగూన్‌లో దిగారు. 1940లో డన్‌కర్క్ రేవు నుంచి సైన్యాన్ని చివరిదాకా ఉండి తరలించిన మనిషి ఆయనే. వస్తూనే, నగరం ఖాళీ చేసే ఏర్పాట్లు ఆపి ఎదురుదాడి చేయమన్నారు. ఒక్క రోజులో అది అసాధ్యమని అర్థమై ఆ మాట వెనక్కి తీసుకున్నారు. రెండో మాట చెప్పడానికే ధైర్యం ఎక్కువ కావాలి. 7వ తేదీన నగరం వదిలి ఉత్తరానికి బయల్దేరితే, టాక్యాన్ అనే కూడలి దాటగానే రోడ్డుకు అడ్డంగా జపాన్ దళం కూర్చుని ఉంది. ఆ రోజంతా దాడి మీద దాడి చేసినా అది కదల్లేదు. బర్మాలోని బ్రిటిష్ సేనాధిపతి, ఆయన ముఖ్య కార్యాలయం, రంగూన్ దళాలు, అందరూ ఆ ఇరుకు దారిలో చిక్కారు. మర్నాడు వెలుగు వచ్చాక చూస్తే దారి ఖాళీ.

ఎందుకు వదిలిపెట్టారు? 33వ డివిజన్ అధిపతి షోజో సకురాయ్‌కి చెప్పిన పని రంగూన్ పట్టుకోవడం. బ్రిటిష్ వాళ్లు నగరంలో కోటగట్టుకుని ఉంటారని అనుకుని, ఎవరికంటా పడకుండా చుట్టుదారిలో పడమటి నుంచి దిగాలని పథకం వేశారు. ఆయన సైన్యం పెద్ద రోడ్డును అడ్డంగా దాటాలి. దాటేటప్పుడు పక్కనుంచి ఎవరూ పడకుండా టాక్యాన్ దగ్గర కాపు పెట్టారు. అందరూ దాటిపోయాక కాపుకాసిన దళం కూడా ఉత్తర్వు ప్రకారం లేచి వెళ్లిపోయింది. తన చేతికి చిక్కింది ఎవరో ఆ దళనాయకుడికి తెలియదు. 8వ తేదీన సకురాయ్ సైనికులు రంగూన్‌లో అడుగుపెడితే అక్కడ సైన్యమే లేదు.

తరిమేవాడికి ఇదే పెద్ద పరీక్ష. ఊరు కదలదు, పటంలో ఉన్నచోటే ఉంటుంది. సైన్యం కదులుతుంది. సకురాయ్ ఊరిని చూశారు. రేవు దక్కింది నిజమే, కానీ ఆ రోజు జారిపోయిన వాళ్లే మూడేళ్ల తర్వాత తిరిగొచ్చారు.

ఆ రంగూన్ మన పెద్దలకు రంగం. కూలికీ కొలువుకూ కాకినాడ, విశాఖ రేవుల నుంచి ఓడెక్కి వెళ్లిన తెలుగువాళ్లు బర్మాలో లక్షకు పైచిలుకే ఉండేవారు. కోరంగి రేవు పేరు మీద వాళ్లను అక్కడ కోరంగీలనే పిలిచేవారు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డప్పుడు చనిపోయినవాళ్లలో రేవు కూలీలు ఎందరో. సైన్యం వెనక్కి నడిచిన దారుల్లోనే, దానికి ముందూ వెనకా, భారతీయులు నడిచారు. నాలుగు లక్షలకు పైగా మనుషులు భారతదేశం చేరారు. కలరాతో, మలేరియాతో, నడవలేక దారిలో పోయినవాళ్లు వేలకు వేలు, వాళ్ల లెక్క సరిగా ఎవరూ రాయలేదు. సైన్యానికి దారి కావాలని శరణార్థులను శిబిరాల్లో ఆపిన సందర్భాలున్నాయి. తిరోగమనాన్ని పటం మీద బాణం గుర్తులతో వివరించే పుస్తకాల్లో ఈ మనుషులకు ఒక్క పేరా దక్కితే గొప్ప. సేనాని తీసుకున్న నిర్ణయం మంచిదా చెడ్డదా అని అడిగేటప్పుడు, ఆ దారి మీదున్న మామూలు జనానికి ఏం జరిగిందనేది కూడా అందులో భాగంగానే అడగాలి.

మార్చి 19న విలియం స్లిమ్ వచ్చి, వెనక్కి తగ్గుతున్న రెండు డివిజన్లను కలిపిన కోర్‌కు అధిపతి అయ్యారు. చిత్రమేమిటంటే స్లిమ్, 17వ డివిజన్ అధిపతి కోవన్, 1వ బర్మా డివిజన్ అధిపతి బ్రూస్ స్కాట్, ముగ్గురూ ఒకప్పుడు ఒకే గూర్ఖా పటాలంలో కలిసి పనిచేసిన స్నేహితులు. ఆ స్నేహం ఏప్రిల్‌లో యెనాంగ్యాంగ్ దగ్గర పరీక్షకు వచ్చింది.

యెనాంగ్యాంగ్ అంటే చమురు బావుల ఊరు. శత్రువుకు దక్కకూడదని ఏప్రిల్ 15న స్లిమ్ వాటిని తగలబెట్టించారు. లక్షల గాలన్ల ముడిచమురు మండి పొగ ఆకాశాన్ని మూసేసింది. ఆ పొగ కిందే సకురాయ్ సైనికులు స్కాట్ డివిజన్‌ను దాటి వెళ్లి, దాని వెనక ఉన్న పిన్ చౌంగ్ అనే వాగు రేవును పట్టుకున్నారు. 45 డిగ్రీల ఎండ. నీళ్లు లేవు. గాయపడినవాళ్లు లారీల్లో కాగుతున్నారు. స్లిమ్ చేతిలో ఉన్న ఆశ ఒక్కటే, సాయానికి వచ్చిన చైనా 38వ డివిజన్. దాని అధిపతి సున్ లీ-జెన్ దాడికి సిద్ధమవుతున్నారు, కానీ అనుకున్న వేళకు కుదరడం లేదు. 18వ తేదీన స్కాట్ రేడియోలో అడిగారు. బండ్లు వదిలేసి, ఎవరికి చేతనైనట్టు వాళ్లం ఈ రాత్రి బయటపడతాం, అనుమతి కావాలని.

స్లిమ్ వద్దన్నారు. రేపు చైనా దాడి జరిగేదాకా ఉండమన్నారు. అవతల ఉన్నది ప్రాణస్నేహితుడు, అబద్ధం చెప్పే మనిషి కాదు, అతని సైనికులు దాహంతో చస్తున్నారని తెలుసు. అయినా రాత్రివేళ చెల్లాచెదురుగా బయల్దేరితే డివిజన్ డివిజన్‌గా మిగలదని స్లిమ్ లెక్క. అంతేకాదు, సున్ దాడికి దిగే వేళకు లోపలివాళ్లు లేకపోతే చైనా దళం ఒంటరైపోతుంది. తన దగ్గరున్న ట్యాంకులను, ఫిరంగులను స్లిమ్ చైనా సేనాని ఆజ్ఞ కింద పెట్టారు. ఆ రోజుల్లో ఒక బ్రిటిష్ జనరల్ అలా చేయడం ఊహకందని సంగతి. 19న చైనా దళాలు బ్రహ్మాండంగా పోరాడాయి, స్కాట్ మనుషులు బయటపడ్డారు. బండ్లూ ఫిరంగులూ చాలావరకు పోయాయి. మనుషులు మిగిలారు.

బిలిన్‌లో నిలబడమన్న హట్టన్‌ను తప్పుపట్టి, యెనాంగ్యాంగ్‌లో నిలబడమన్న స్లిమ్‌ను మెచ్చుకోవడం న్యాయమా అని మీరు అడగవచ్చు. ఫలితం చూసి మాట్లాడుతున్నానని అనవచ్చు. నాకు కనిపించే తేడా ఇది. స్లిమ్ నిలబడమన్నది ఒక్క రాత్రి, ఒక్క పని కోసం, ఆ పని జరిగేందుకు తన చేతనైనదంతా అటువైపు పెట్టి. బిలిన్‌లో నిలబడమన్నవాళ్లు ఎంతవరకో చెప్పలేదు, పంపడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదు కూడా.

ఏప్రిల్ 30 అర్ధరాత్రి ఐరావతి మీద ఆవా వంతెనను పేల్చేశారు. మే 10న చింద్విన్ ఒడ్డున ష్వేగ్యిన్ రేవు దగ్గర ఆఖరి పోరు జరిగింది. ట్యాంకులు దాటించడానికి పడవలు చాలక వాటిని అక్కడే పాడుచేసి వదిలారు, ఒక్కటే ఒడ్డు చేరింది. దాదాపు వెయ్యి మైళ్ల వెనకడుగు అది. ఆ వెంటనే వానలు పడ్డాయి, జపాన్ 15వ సైన్యాధిపతి ఈదా చింద్విన్ దగ్గరే ఆగిపోయారు. ఆ ఏడాదే టోక్యో అస్సాం మీదికి పొమ్మని పథకం పంపితే, ఆ కొండలు సైన్యం దాటలేనివని వద్దన్నవాళ్లలో ముతగూచి ఒకరు. అవును, ఆ ముతగూచే. 1943లో వింగేట్ అనే బ్రిటిష్ అధికారి చిన్న దళాలతో ఆ కొండలే దాటి రావడం చూసి ఆయన మనసు మార్చుకున్నారు. వింగేట్‌కు తిండి విమానాల్లో వచ్చిందన్న సంగతికి ఇవ్వాల్సినంత విలువ ఇవ్వలేదు.

ముతగూచి వస్తారని 1944లో స్లిమ్‌కు తెలుసు. ముందు నిలబడి అడ్డుకోకుండా, కొండల్లో ఉన్న డివిజన్లను ఇంఫాల్ మైదానానికి రప్పించి, శత్రువు తన సరఫరాలకు దూరమై అలిసిపోయాక కొట్టాలని నిర్ణయించారు. గెలుపు కోసం ముందే వెనక్కి తగ్గడమన్నమాట. పథకం గొప్పది. కానీ ఎప్పుడు తగ్గాలో చెప్పే బాధ్యతను ఇంఫాల్‌లో ఉన్న కోర్ అధిపతి స్కూన్స్‌కి వదిలేశారు. 160 మైళ్ల దూరాన టిడ్డిమ్‌లో ఉన్న 17వ డివిజన్‌కు స్కూన్స్ మార్చి 13న గానీ రమ్మనలేదు. అప్పటికే జపాన్ 33వ డివిజన్ దారికి అడ్డం పడింది. కోవన్‌కు ఇది రెండో తిరోగమనం. సిట్టాంగ్ నేర్పిన పాఠం ఆయనకు బాగా వంటబట్టింది. దారిలో ఏ కొండ శిఖరాలు కీలకమో చూసి, బండ్లు కదిలే ముందే పదాతి దళాలతో వాటిని పట్టించారు. ఇంఫాల్ నుంచి స్కూన్స్ తన దగ్గరున్న బలగాన్ని ఎదురు పంపాల్సి వచ్చింది. ఇక 33వ డివిజన్ కొత్త అధిపతి యనగిడా, దారి మూసి కూర్చున్న తన రెజిమెంటు నాశనమయ్యే స్థితిలో ఉందనుకుని దాన్ని రోడ్డు మీంచి తప్పించారు. టాక్యాన్ తర్వాత మళ్లీ అదే డివిజన్, మళ్లీ తెరుచుకున్న దారి. ఏప్రిల్ మొదట్లో 17వ డివిజన్ బండ్లతో, గాయపడినవాళ్లతో సహా ఇంఫాల్ చేరింది. ఆ ఆలస్యం తన తప్పేనని, ఆ మాట తానే చెప్పి ఉండాల్సిందని స్లిమ్ తన పుస్తకంలో దాపరికం లేకుండా రాశారు.

కొహిమా దగ్గర జపాన్ 31వ డివిజన్ అధిపతి కొతొకు సాతో పరిస్థితి వేరు. తనకు బియ్యం గింజా తూటా పంపడం లేదని పైవాళ్లకు చెప్పీ చెప్పీ విసిగి, మే చివరిలో అనుమతి లేకుండానే డివిజన్‌ను వెనక్కి నడిపించారు. కోర్టు మార్షల్ చేస్తానని ముతగూచి బెదిరించారు. సాతోకి కావలసిందీ అదే, న్యాయస్థానంలో అన్నీ బయటపెట్టాలని. ఆ అవకాశమే ఇవ్వకుండా ఆయనకు మతి సరిగా లేదని వైద్యుల చేత చెప్పించి కేసు మూసేశారు. ఉత్తర్వు ధిక్కరించిన సేనానిని సైన్యం సహించలేదు, నిజమే. మియజాకి అనే అధికారిని కొద్దిమందితో వెనక కాపు పెట్టి సాతో వెళ్లిపోవడంతో, జూన్ 22న ఇంఫాల్ రోడ్డు తెరుచుకుంది. కానీ ఇండైంగ్యీలో కూర్చున్న ఇద్దరు పెద్దలు అడగలేని మాటను ఆకలిగొన్న మనుషుల తరఫున ఆచరణలో పెట్టినవాడు ఆయనొక్కరే. నేను ఆయన పక్షమే. ఆ దండయాత్రకు వెళ్లిన 85 వేల మందిలో 30 వేల దాకా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమందిని చంపింది ఆకలీ జబ్బులే.

స్లిమ్ వానల్లోనే తరిమారు. వానాకాలంలో యుద్ధం ఆపడం ఆనవాయితీ, 1942లో ఈదా ఆపారు. స్లిమ్ ఆపలేదు. టిడ్డిమ్ దారిన ఒక డివిజన్‌ను, కబా లోయలోంచి తూర్పు ఆఫ్రికా సైనికుల డివిజన్‌ను పంపి, తిండి విమానాల్లో వేయించారు. గాయపడినవాళ్ల కంటే జబ్బుపడినవాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ ధర తెలిసే చెల్లించారు, ఎందుకంటే శత్రువు కూడదీసుకునే వ్యవధి ఇస్తే ఆ తర్వాత చెల్లించాల్సింది ఇంకా పెద్దది. 1945 మార్చిలో కోవన్ డివిజన్ మెక్తీలా పట్టుకుని జపాన్ సేనల నడుము విరిచింది. అదే నెల మాండలే పోరులో కోవన్ కొడుకు చనిపోయాడు, తండ్రి దాడి ఆపలేదు. ఏప్రిల్ చివరికి 17వ డివిజన్ పెగూ చేరి, ముందుగా వచ్చిన వానల్లో ఆగిపోయింది. మే 3న రంగూన్‌ను సముద్రం మీదుగా వచ్చిన వేరే డివిజన్ ఆక్రమించింది.

పడమట, పెగూ యోమా కొండల్లో ఇంకా జపాన్ 28వ సైన్యం మిగిలి ఉంది. దాని అధిపతి సకురాయ్. 1942లో తరిమిన మనిషే ఇప్పుడు వేల మందితో, వెదురు మొలకలు తింటూ, తప్పించుకునే దారి వెతుకుతున్నారు. రోడ్డు దాటి, వరదలో ఉన్న సిట్టాంగ్ దాటి తూర్పుకి పోవాలి. ఆయన పథకం కాగితాలు జూలై మొదట్లో చనిపోయిన ఒక అధికారి దగ్గర దొరికాయి. ఏ రాత్రి, ఏ దారిన వస్తారో తెలుసుకుని 17వ డివిజన్ రోడ్డు పొడవునా కాచుకుని కూర్చుంది. జూలై 20న సకురాయ్ మనుషులు బయటికి వచ్చారు. వేలల్లో చనిపోయారు, నదిలో కొట్టుకుపోయినవాళ్లూ ఎందరో. బ్రిటిష్ వైపు మరణాలు వంద లోపే. సకురాయ్ ప్రాణాలతో నది దాటారు. కొండల్లో ఉంటే ఆకలి చావు, బయటికి వస్తే తుపాకి చావు, ఆయనకు మూడో దారి కనిపించలేదు. ఆగస్టు 15న జపాన్ లొంగిపోయింది. ఇంకో నాలుగు వారాలు కొండల్లోనే ఉండిపోయి ఉంటే వాళ్లలో ఎక్కువమంది ఇంటికి వెళ్లేవారు. ఆ సంగతి జూలై 20న ఆయనకు తెలిసే మార్గం లేదు.